బెల్ట్‌కి కట్టుకునే కంప్యూటర్‌కి బ్యాటరీ: పెద్దది కొనే ముందు ఇది చదువు

కావలి నుంచి డిప్లొమా చదివే తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇదీ: అల్లూరు వైపు వాళ్ళకి రొయ్యల గుంటలున్నాయి, రాత్రిళ్ళు డీవో (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్) రీడింగులు, మేత లెక్కలు, ఏరియేటర్ (నీళ్ళలో గాలి కలిపే మిషన్) ఆన్ చేసిన టైములు చేతులు తడిగా ఉన్నప్పుడు ఫోన్‌లో కొట్టడం కుదరట్లేదని ఒంటికి కట్టుకునే కంప్యూటర్ ఒకటి సొంతంగా తయారు చేస్తన్నాడు. రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు, 5 అంగుళాల హెచ్‌డీఎంఐ స్క్రీను, బెల్ట్‌కి 10000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్. నాలుగు, నాలుగున్నర గంటలకే ఆగిపోతా ఉంది, మధ్యమధ్యలో స్క్రీన్ మీద పసుపు మెరుపు గుర్తు వస్తా ఉంది. ఇప్పుడు 30000 పవర్ బ్యాంక్ కొనాలా, మూడు 18650 సెల్స్ (ల్యాప్‌టాప్ ప్యాకుల్లో ఉండే గుండ్రటి లిథియం సెల్స్) సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి పెట్టి 7805 ఐసీతో 5 వోల్టులు తీసుకోవాలా, లేకపోతే చిన్న యూపీఎస్ బ్యాటరీ నడుముకి కట్టుకోవాలా అని.

మూడూ వద్దు తమ్ముడూ. ముందు లోడ్ తగ్గించు, తర్వాత రెండు మంచి 18650 సెల్స్ ప్యారలల్‌లో, అంటే ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ కలిపి పెట్టి, వోల్టేజీ పెంచే ఒకే ఒక్క మంచి స్టెప్ అప్ కన్వర్టర్‌తో 5 వోల్టులు చేసుకో. బోర్డుని రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూకి మార్చి, ఆ పెద్ద స్క్రీన్ తీసేస్తే 100 గ్రాముల సెల్స్‌తోనే రాత్రంతా నడుస్తుంది. ఎట్టానో, ఎందుకో వివరంగా చెప్తా. నేను నెల్లూరులో చాలా ఏళ్ళుగా బ్యాటరీ ప్యాకులు కట్టే పని, ఇన్వర్టర్లు, ఈ-బైక్ ప్యాకుల రిపేరు పనిలోనే ఉన్నా. ఇట్టాంటి ఒంటికి కట్టుకునే పరికరాలకి కూడా ప్యాకులు కట్టిచ్చా, కాబట్టి ఇందులో చాలావరకు చేత్తో చేసి చూసిందే.

మొదటిది, ఎంఏహెచ్ లెక్క మర్చిపో, వాట్ అవర్లలో, అంటే ఎన్ని వాట్లు ఎన్ని గంటలు ఇవ్వగలదో ఆ లెక్కలో ఆలోచించు. పవర్ బ్యాంక్ మీద రాసిన 10000 అనేది లోపలున్న సెల్ వోల్టేజీ దగ్గర లెక్క, అంటే 3.7 వోల్టుల దగ్గర. 10 ఆంప్ అవర్లు ఇంటూ 3.7 అంటే 37 వాట్ అవర్లు. దాన్ని 5 వోల్టులకి పెంచేటప్పుడు కొంత వేడిగా పోతుంది, అది పోను 31, 32 వాట్ అవర్లు బయటికొస్తాయి. పవర్ బ్యాంక్ వెనకాల చిన్న అక్షరాల్లో రేటెడ్ కెపాసిటీ అని 5 వోల్టుల దగ్గర 6000 చిల్లర రాసి ఉంటుంది చూడు, నిజంగా నీకు దక్కేది అదే. ఇక నీ లోడ్ చూద్దాం. పై 4 డెస్క్‌టాప్‌తో నడుస్తుంటే సగటున 4 వాట్ల దాకా లాగుతుంది, ఆ 5 అంగుళాల స్క్రీన్ బ్యాక్‌లైట్‌తో కలిపి ఇంకో 2, 2.5 వాట్లు, కీబోర్డ్ డాంగిల్ అదీ ఇదీ కలిపితే ఆరున్నర వాట్లు. 31ని 6.5తో భాగిస్తే ఐదు గంటలు కూడా రాదు, వైర్లలో పోయేది తీసేస్తే నీకొచ్చిన నాలుగున్నర గంటలు సరిగ్గా సరిపోయింది. అంటే నీ పవర్ బ్యాంక్ మోసం చెయ్యలేదు, అది చెయ్యగలిగింది చేసింది.

ఇక్కడ పెద్ద బ్యాటరీ కొనడం అంటే పైపు లీకవుతుంటే మోటారు హెచ్‌పీ పెంచడం లాంటిది. 30000 పవర్ బ్యాంక్ నడుముకి కట్టుకుని గుంట గట్ల మీద రాత్రంతా తిరిగితే ఆ బరువు ఎట్టా ఉంటుందో ఒక్కసారి కట్టుకుని చూడు. యూపీఎస్ బ్యాటరీ సంగతి అసలు ఎత్తొద్దు, 12 వోల్టులు 7 ఆంప్ అవర్ది రెండు కిలోల పైనే ఉంటుంది, పైగా లెడ్ యాసిడ్‌ని ప్రతిసారీ అడుగంటా వాడితే తొందరగా చచ్చిపోతుంది కాబట్టి రాసిన 84 వాట్ అవర్లలో సగమే వాడుకోవాలి.

7805 గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన కాలేజీల్లో ల్యాబ్‌లో అదే నేర్పిస్తారు, పిల్లలంతా అదే పట్టుకుని వస్తారు. అది లీనియర్ రెగ్యులేటర్. ఎక్కువైన వోల్టేజీని వేడి చేసి పారేస్తుంది అంతే. మూడు సెల్స్ సిరీస్ అంటే 11.1 వోల్టులు, బయటికి 5 వోల్టులు, అంటే 5 బై 11.1, 45 శాతం. సెల్స్‌లో ఉన్న శక్తిలో సగానికి పైగా నీ నడుము దగ్గర వేడిగా మారుతుంది. నీ 6.5 వాట్ల లోడ్ అంటే 1.3 ఆంప్స్, పైన మిగిలే 6.1 వోల్టులతో గుణిస్తే దాదాపు 8 వాట్లు ఆ చిన్న ఐసీ మీదే కాలుతుంది. హీట్‌సింక్ లేకుండా వేలు పెట్టలేవు, కొన్ని సెకన్లలో అదే కట్ అయిపోతుంది. కంప్యూటర్ తినేదానికంటే రెగ్యులేటర్ ఎక్కువ తినే డిజైన్ ఒంటి మీద కట్టుకునేదానికి పనికిరాదు.

లోడ్ తగ్గించడం. ఓ యూఎస్‌బీ మీటర్ కొను, పవర్ బ్యాంక్‌కి బోర్డుకి మధ్యలో పెట్టేది, కొన్ని వందల్లో వస్తుంది. వోల్టులు, ఆంప్స్, వాట్ అవర్లు మూడూ చూపించేది తీసుకో. ఊరికే ఆన్ చేసి చూస్తే కాదు, నిజంగా గుంటల దగ్గర వాడినట్టే ఒక రాత్రి వాడి మొత్తం ఎన్ని వాట్ అవర్లు అయ్యాయో రాసుకో. ఆ ఒక్క నంబర్ లేకుండా బ్యాటరీ సైజు ఎవరు చెప్పినా అది అంచనానే.

నువ్వు చేసే పని చూస్తే నాలుగు అంకెలు రాసుకోవడం, టైమ్ వెయ్యడం, ఒకట్రెండు మాటలు రికార్డ్ చెయ్యడం. దీనికి పై 4 ఎందుకు? 2021లో వచ్చిన పై జీరో 2 డబ్ల్యూలో నాలుగు కోర్లు ఉన్నాయి, 512 ఎంబీ ర్యామ్, డెస్క్‌టాప్ లేని లైట్ ఓఎస్ వేస్తే ఖాళీగా ఉన్నప్పుడు 5 వోల్టుల దగ్గర 100 నుంచి 150 మిల్లీ ఆంప్స్ చుట్టూ ఉంటుంది, అప్పుడప్పుడు పనిచేసేదీ కలిపినా సగటు 1 వాట్‌లో తేలుతుంది. హెచ్‌డీఎంఐ వాడకపోతే ఆపెయ్, బ్లూటూత్ వాడకపోతే ఆపెయ్, వైఫై గంటకోసారి డేటా పంపేటప్పుడే ఆన్ చెయ్. నాలుగు కోర్లూ అక్కర్లేదనుకుంటే బూట్ సెట్టింగ్స్‌లో ఒకటో రెండో కోర్లకి పరిమితం చెయ్యొచ్చు, దానివల్ల కూడా బాగానే తగ్గుతుంది. ఇవన్నీ ఒక్కొక్కటిగా మార్చి మీటర్ చూడు, ఏది ఎంత మిగిల్చిందో నీకే కనపడుతుంది.

స్క్రీన్ దగ్గర ఇంకా పెద్ద లాభం ఉంది. బ్యాక్‌లైట్ ఉన్న ఎల్‌సీడీలో నల్ల రంగు చూపించినా తెల్ల రంగు చూపించినా లైట్ మాత్రం వెలుగుతూనే ఉంటుంది. ఓఎల్ఈడీలో వెలిగిన చుక్కలకే కరెంట్. 0.96 అంగుళాల చిన్న ఓఎల్ఈడీ నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద నాలుగు లైన్లు చూపిస్తే 10, 20 మిల్లీ ఆంప్స్ అంతే. రాత్రి చీకట్లో ఇదే బాగుంటుంది. పగలు ఎండలో పని అయితే ఈ-పేపర్ స్క్రీన్ చూడు, అది బొమ్మ మార్చేటప్పుడే కరెంట్ తింటుంది, తర్వాత కరెంట్ తీసేసినా బొమ్మ అట్టానే ఉంటుంది. చీమకుర్తిలో గ్రానైట్ బ్లాకుల కొలతలు రాసుకునే కుర్రాడికి ముంజేతి మీద కట్టుకునేది చేసినప్పుడు ఈ-పేపరే వాడాం, క్వారీలో మిట్టమధ్యాహ్నం ఎండకి మామూలు స్క్రీన్లలో ఏమీ కనపడదు, ఇదేమో ఎండ పెరిగేకొద్దీ ఇంకా బాగా కనపడింది, బ్యాటరీ కూడా సగానికి తగ్గించుకున్నాం.

ఇంకో మాట. ఫోన్‌లో ఉన్నట్టు పై బోర్డుల్లో నిద్ర మోడ్ ఉండదు, ఆన్ లేదా ఆఫ్ అంతే. నీకు వాయిస్ రికార్డింగ్ అక్కర్లేదు, బటన్లు నొక్కి అంకెలు దాచుకుంటే చాలు అనుకుంటే అసలు లినక్స్ బోర్డే వద్దు, ఈఎస్‌పీ 32 అనే చిన్న మైక్రోకంట్రోలర్ చిప్ చాలు. అది డీప్ స్లీప్‌లో మైక్రో ఆంప్స్‌లో ఉంటుంది, ఒక్క సెల్‌తో రోజుల తరబడి లాగొచ్చు. కాకపోతే బజార్లో దొరికే డెవలప్‌మెంట్ బోర్డుల మీద ఉండే 1117 రెగ్యులేటర్, పవర్ ఎల్ఈడీ, యూఎస్‌బీ చిప్ కలిసి నిద్రలో కూడా మిల్లీ ఆంప్స్ తింటా ఉంటాయి, చిప్ డేటాషీట్ చూసి బోర్డు కూడా అంతే అనుకోవద్దు. కంప్యూటరే కావాలి, నేర్చుకోవడానికి చేస్తన్నా అంటే జీరో 2 డబ్ల్యూ మంచిదే, నేనూ అదే చేస్తా.

ఇప్పుడు బ్యాటరీ. మంచి కంపెనీ 18650 సెల్ ఒకటి 3400, 3500 ఎంఏహెచ్, అంటే దాదాపు 12.5 వాట్ అవర్లు, బరువు 48 గ్రాముల చుట్టూ. రెండు ప్యారలల్ అంటే 25 వాట్ అవర్లు. స్టెప్ అప్‌లో పోయేది పోను 22. నీ కొత్త లోడ్ బోర్డు, ఓఎల్ఈడీ, మైక్ కలిపి 1.5 వాట్లు అనుకో, పద్నాలుగు గంటలు. అడుగంటా వాడకుండా కొంచెం మిగిలిస్తే కూడా పదకొండు, పన్నెండు గంటలు. ఇందాకటి పవర్ బ్యాంక్‌లో సగం బరువుకి మూడు రెట్లు టైమ్.

సిరీస్ వద్దు, ప్యారలల్ ఎందుకు అంటావా? ఇంత చిన్న లోడ్‌కి ప్యారలల్‌లో బ్యాలెన్సింగ్ గొడవ లేదు, కింద చెప్పే చార్జింగ్ మాడ్యూల్ మధ్యలో పెట్టి ఏ 5 వోల్టుల ఫోన్ చార్జర్‌తోనైనా చార్జ్ పెట్టుకోవచ్చు. సిరీస్‌లో ఒక సెల్ కొంచెం బలహీనపడితే ప్రతి చార్జింగ్‌కీ తేడా పెరుగుతా పోతుంది, దానికి సెల్స్‌ని సమానంగా బ్యాలెన్స్ చేసే బీఎంఎస్ బోర్డు కావాలి, చార్జర్ వేరే కావాలి. కాకపోతే ప్యారలల్‌లో పెట్టే ముందు రెండు సెల్స్ వోల్టేజీ ఒకటే ఉందో లేదో మల్టీమీటర్‌తో చూడు, 4.1 ఉన్నదాన్ని 3.3 ఉన్నదానికి కలిపావంటే ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి ఒక్కసారిగా పెద్ద కరెంట్ పోతుంది. రెండూ విడిగా ఫుల్ చార్జ్ చేసి అప్పుడు కలుపు. సెల్స్ కూడా ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే వయసు.

పై 4, పై 5 లాంటి 8, 10 వాట్ల లోడే కావాల్సినోళ్ళకి మాత్రం నేను రెండు సెల్స్ సిరీస్ పెట్టి, బక్ కన్వర్టర్‌తో 5 వోల్టులకి దించమంటా. ఎందుకంటే ఒక్క సెల్ వోల్టేజీ నుంచి 10 వాట్లు తీయాలంటే బ్యాటరీ అయిపోయే టైమ్‌కి, అంటే 3.2 వోల్టుల దగ్గర, మూడున్నర ఆంప్స్ లాగుతుంది, వైర్లు, స్విచ్‌లు, సెల్ హోల్డర్ స్ప్రింగులు అన్నీ వేడెక్కుతాయి. నష్టం కరెంట్ స్క్వేర్‌తో పెరుగుతుందని చదువుకునే ఉంటావు.

ఇక్కడ మన ఊళ్ళో ఎవరూ పట్టించుకోని మంచి దారి ఒకటుంది. పెళ్ళిళ్ళ వీడియో తీసేవాళ్ళు లైట్లకి వాడే ఎన్‌పీ-ఎఫ్ రకం బ్యాటరీ. 7.2 వోల్టులు, లోపల రెండు సెల్స్ సిరీస్, ప్రొటెక్షన్ లోపలే ఉంటుంది, గట్టి ప్లాస్టిక్ డబ్బా, ప్లేట్ మీద జారించి లాక్ చేసుకోవచ్చు. చిన్న సైజు 550, మధ్యది 750, పెద్దది 970. మధ్యది 30 వాట్ అవర్ల చుట్టూ ఉంటుంది. ప్లేట్ విడిగా దొరుకుతుంది, చార్జర్ దొరుకుతుంది, కెమెరా సామాన్లు అమ్మే ఏ షాపులోనైనా అడుగు. ప్లేట్‌కి రెండు వైర్లు, బక్ మాడ్యూల్ ఒకటి, అయిపోయింది. ఒకటి అయిపోతే ఇంకోటి పెట్టుకోవచ్చు. 1990ల్లో అమెరికాలో ఎంఐటీ యూనివర్సిటీ కుర్రాళ్ళు థాడ్ స్టార్నర్ వాళ్ళు రోజంతా కంప్యూటర్ ఒంటి మీద వేసుకుని తిరిగినప్పుడు వాళ్ళ పోరాటం కూడా ఎక్కువ బ్యాటరీతోనే, ఆ తరం వేరబుల్స్‌లో కామ్‌కార్డర్ (వీడియో కెమెరా) బ్యాటరీలు వాడటం మామూలే. నడకలో మడమ దెబ్బతో కరెంట్ తియ్యొచ్చా, ఊపిరితో తియ్యొచ్చా అని కూడా స్టార్నర్ 1996లో లెక్కలు వేసి చూపించాడు. ఇప్పటికీ అందరూ మార్చుకునే బ్యాటరీ దగ్గరికే వస్తున్నారంటే దానికి కారణం ఉంది. సోలార్ ప్లేట్ టోపీకి అతికిస్తా అని కొంతమంది అడుగుతారు, అరచేతి సైజు ప్యానెల్ నిటారుగా ఎండకి పెడితేనే ఒక వాట్ చుట్టూ, నువ్వు తిరిగేటప్పుడు అందులో నాలుగో వంతు కూడా రాదు, నీ పనేమో రాత్రి.

కన్వర్టర్లు. ఒకే మార్పిడి, అదీ మంచిది. సెల్ నుంచి 12కి పెంచి, మళ్ళీ 5కి దించి, మళ్ళీ బోర్డు లోపల 3.3కి దించి, ఇట్టా మెట్లు పెట్టావంటే ప్రతి మెట్టు దగ్గరా పది శాతం పోతుంది. 90 శాతం మూడుసార్లు అంటే 73 శాతమే మిగిలేది.

బజార్లో ఎక్కువ దొరికే స్టెప్ అప్ మాడ్యూల్ ఎంటీ3608, నీలం రంగు చిన్న బోర్డు, మీద ఇత్తడి స్క్రూ ఉన్న చిన్న ప్రీసెట్ (తిప్పి వోల్టేజీ సెట్ చేసేది) ఉంటుంది. 2 ఆంప్స్ అని రాస్తారు గానీ ఒక సెల్ నుంచి 5 వోల్టులు తీసేటప్పుడు 1 ఆంప్ లోపల పెట్టుకుంటేనే నమ్మకం. జీరో 2 డబ్ల్యూకి సరిపోతుంది. జాగ్రత్త ఎక్కడంటే, అది 28 వోల్టుల దాకా ఇవ్వగలదు, కొత్తగా కొన్నప్పుడు ప్రీసెట్ ఎక్కడ ఉంటుందో ఎవరికీ తెలియదు. బోర్డు కలపకముందే మల్టీమీటర్ పెట్టి 5.1 వోల్టులకి తిప్పుకో, ఒక్కోసారి చాలా చుట్లు తిప్పితే గానీ కదలదు, కంగారు పడొద్దు. సెట్ చేశాక ఆ స్క్రూ మీద గోళ్ళ రంగు ఒక చుక్క వెయ్, ఒంటి మీద కదిలే వస్తువు కదా, స్క్రూ తిరిగితే బోర్డు పోతుంది. ఇంకా మంచిది ఏందంటే 5 వోల్టులు ఫిక్స్‌డ్‌గా వచ్చే మాడ్యూల్, స్క్రూనే ఉండదు. బక్ కావాలంటే ఎల్ఎం2596 పాత రకం, 80 శాతం చుట్టూ ఇస్తుంది, సైజు కూడా పెద్దది. ఇప్పుడు వచ్చే సింక్రనస్ బక్ మాడ్యూల్స్ 90 దాటతాయి, చిన్నగా కూడా ఉంటాయి, అవి అడుగు.

చార్జింగ్‌కి టీపీ4056 మాడ్యూల్. బజార్లో రెండు రకాలున్నాయి, నాలుగు ప్యాడ్లు ఉన్నది ఒట్టి చార్జర్, ఔట్ ప్లస్ ఔట్ మైనస్ కూడా ఉండి ఆరు ప్యాడ్లు ఉన్నదాంట్లో ప్రొటెక్షన్ చిప్పులు ఉంటాయి, రెండోదే కొను. దీంట్లో ఒక లోపం అందరూ వదిలేస్తారు: చార్జ్ అవుతున్నప్పుడే బోర్డు కూడా నడిపిస్తే చార్జర్‌కి సెల్ నిండిందో లేదో అర్థం కాదు. సెట్ చేసిన కరెంట్‌లో పదో వంతుకి పడిపోతే ఆపాలి అని దాని లెక్క, నీ బోర్డు ఎప్పుడూ కరెంట్ లాగుతా ఉంటే ఆ పదో వంతుకి ఎప్పటికీ పడదు, సెల్ 4.2 దగ్గర గంటల తరబడి అట్టానే నిలబడిపోతుంది. చార్జింగ్‌లో పెట్టి వాడాలనుకుంటే పవర్ పాత్ (బోర్డుకి, సెల్‌కి కరెంట్ వేరువేరుగా ఇచ్చే దారి) ఉన్న చార్జర్, బీక్యూ24074 లాంటి చిప్ ఉన్నది తీసుకో, రేటు ఎక్కువైనా సరే. లేకపోతే చార్జింగ్‌లో ఉన్నప్పుడు బోర్డు ఆఫ్ చేసే స్విచ్ ఒకటి పెట్టు. ప్రొటెక్షన్ చిప్ కూడా 2.4 వోల్టుల దగ్గర గానీ కట్ చెయ్యదు, అది చివరి కాపలా మాత్రమే, రోజూ అక్కడిదాకా పోనిస్తే సెల్ ఆయుష్షు తగ్గిపోతుంది.

పవర్ బ్యాంకే వాడతా అనేవాళ్ళకి: లోడ్ మరీ తక్కువైతే చాలా పవర్ బ్యాంకులు ఎవరూ వాడట్లేదనుకుని ఆఫ్ అయిపోతాయి. ఐపీ5306 చిప్ ఉన్నవాటిలో 45, 50 మిల్లీ ఆంప్స్ కంటే తగ్గి అర నిమిషం దాటితే అంతే. ఈఎస్‌పీ 32తో చేసినోళ్ళు ఎక్కువ కంప్లైంట్ చేసేది దీని గురించే. ఇంకా కొన్నింటికి చార్జర్ తగిలించిన క్షణంలో ఔట్‌పుట్ ఒక్కసారి పోయి వస్తుంది, నీ పై బోర్డు రీబూట్ అవుతుంది, ఎస్‌డీ కార్డ్ కరప్ట్ అయ్యే అవకాశం ఉంది.

ఆ పసుపు మెరుపు గుర్తు బ్యాటరీ అయిపోతోందని కాదు. బోర్డు దగ్గర వోల్టేజీ 4.63 కిందికి పడితే అది వస్తుంది. ఎక్కువసార్లు అసలు దొంగ కేబులే. సన్నటి చార్జింగ్ కేబుల్లో 28 గేజ్ వైరు ఉంటే మీటర్‌కి పోను రాను కలిపి 0.43 ఓమ్స్, 1 ఆంప్ పోతే 0.43 వోల్టులు కేబుల్లోనే పోతాయి, 5 వోల్టులు కాస్తా 4.57 అయింది. పక్క రూమ్‌లోంచి లాగినట్టు మీటరు పొడవు కేబుల్ నడుముకి చుట్టుకోవద్దు. 20 లేదా 22 గేజ్ సిలికాన్ వైరు, జానెడు పొడవు, సోల్డర్ చేసి పెట్టు. దీని ఒక్కదానివల్లే నీ ఇప్పటి సెటప్‌లో కూడా మెరుపు గుర్తు పోవచ్చు, ముందు అది చేసి చూడు.

సెల్స్ కొనేటప్పుడు చెయ్యి పెట్టి చూడు. 18650లో 6800, 9900 అని రాసుంటే పక్కన పెట్టెయ్, మామూలుగా దొరికే మంచి సెల్స్‌లో 3500 చుట్టూనే పై హద్దు. తూకం వెయ్, 45 గ్రాములకి బాగా తగ్గితే లోపల సరుకు లేనట్టే. పాత ల్యాప్‌టాప్ ప్యాకుల్లోంచి తీసినవి వాడొచ్చు గానీ ఇట్టా జల్లెడ పట్టు: 2 వోల్టుల కంటే కింద పడి ఉన్నవి, తుప్పు ఉన్నవి, పైన తొక్క చిరిగినవి తీసెయ్. మిగతావి ఫుల్ చార్జ్ చేసి రెండు వారాలు అట్టా పెట్టి మళ్ళీ కొలువు, 4.1 కంటే పడిపోయినవి తీసెయ్. చార్జింగ్‌లో వేడెక్కేది ఏదైనా సరే, ఎంత కెపాసిటీ చూపించినా తీసెయ్. నిజం చెప్పాలంటే ఒంటికి కట్టుకునేదానికి కొత్తవే కొనమంటా, రెండే కదా.

సెల్ మీద నేరుగా సోల్డర్ ఐరన్ పెట్టొద్దు, స్పాట్ వెల్డింగ్ చేయించుకో. ఈ-బైక్ బ్యాటరీలు కట్టేవాళ్ళ దగ్గర ఆ మిషన్ ఉంటుంది, నాలుగు చుక్కలు వేసిస్తారు. మీది సముద్రం పక్కన, గుంటల నీళ్ళు ఉప్పు నీళ్ళు, కాబట్టి స్ట్రిప్ ప్యూర్ నికెల్ అయి ఉండాలి. ఇనుము మీద నికెల్ పూత వేసిన స్ట్రిప్ చూడ్డానికి అచ్చం అట్టానే ఉంటుంది. ముక్క కత్తిరించి, పైన బ్లేడ్‌తో గీకి, ఉప్పు నీళ్ళలో రాత్రి వెయ్, పొద్దున గీత దగ్గర ఎర్రగా తుప్పు కనపడితే అది ఇనుమే. విడవలూరు, ఇందుకూరుపేట వైపు గుంటల దగ్గర నుంచి నా దగ్గరికి వచ్చే ప్యాకులు విప్పితే సెల్స్ బాగానే ఉంటాయి, స్ట్రిప్పులు, కనెక్టర్ పిన్నులే తినేసి ఉంటాయి. బోర్డుకి కన్ఫార్మల్ కోటింగ్ (తడి తగలకుండా కాపాడే పూత) కొట్టు, వైరు బయటికొచ్చే చోట రబ్బరు గ్రామెట్ పెట్టు, డబ్బా మూత కింద వైపుకి తెరుచుకునేట్టు కాకుండా చూసుకో.

ఒంటి మీద ఉండేది కాబట్టి ఇది మాత్రం తప్పకుండా విను. సెల్ పాజిటివ్ దగ్గరే ఫ్యూజ్, 3 ఆంప్స్ చాలు. మెత్తటి పౌచ్ లైపో సెల్ ప్యాంటు జేబులో, వెనక జేబులో వద్దే వద్దు, కూర్చున్నప్పుడు వంగితే లోపల పొర చిరుగుతుంది. గట్టి డబ్బా, బెల్ట్‌కి పక్క వైపు, ఒక్క లాగుడుకి ఊడొచ్చేట్టు క్లిప్, ఎందుకంటే ఏదైనా తేడా వస్తే బెల్ట్ విప్పేంత టైమ్ ఉండదు. గుంట గట్టు మీద కాలు జారితే నీళ్ళలో పడే అవకాశం కూడా ఉంది, ఉప్పు నీళ్ళలో తడిసిన ప్యాక్‌ని ఆరబెట్టి మళ్ళీ చార్జింగ్ పెట్టొద్దు, ఇంటి బయట మంటలంటుకునేవి లేని చోట పెట్టి, తర్వాత ఆ సెల్స్ వదిలెయ్.

ఎండ సంగతి. లిథియం అయాన్ సెల్స్‌ని 45 డిగ్రీలు దాటినప్పుడు చార్జ్ చెయ్యకూడదు. రోహిణి కార్తెలో మన దగ్గర గాలే 43, 44 ఉంటుంది, రేకుల షెడ్డులోనో బండి డిక్కీలోనో ఇంకా ఎక్కువ. పగలు షెడ్డులో చార్జ్ పెట్టొద్దు, సాయంత్రం ఇంట్లో చల్లబడ్డాక పెట్టు. ఫుల్ చార్జ్, వేడి రెండూ కలిస్తే సెల్ మరీ తొందరగా ముసలిదవుతుంది, కాబట్టి వాడని రోజుల్లో సగం చార్జ్‌లో ఉంచు. మరీ వేడి చోట్ల పనిచేసేవాళ్ళకి నేను లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్ ఇస్తా, 32700 సైజుది 3.2 వోల్టులు 6000 ఎంఏహెచ్, 19 వాట్ అవర్లు, బరువు 140 గ్రాముల చుట్టూ. బరువెక్కువ, కానీ వేడికి తట్టుకుంటుంది, వెయ్యికి పైగా సైకిల్స్ వస్తుంది. దానికి ఫుల్ చార్జ్ 3.65 వోల్టులే కాబట్టి టీపీ4056 పెట్టకూడదు, ఆ రకానికి వేరే చార్జర్.

చివర్లో ఓ సంగతి, నువ్వు అడగలేదు గానీ అవసరం పడుతుంది. బ్యాటరీ అయిపోయి బోర్డు ఠక్కున ఆగితే ఆ రాత్రి రాసిన రీడింగులు పోయే ప్రమాదం ఉంది, అదీ తెల్లారుజామున, డీవో బాగా పడిపోయే టైమ్‌లోనే జరుగుతుంది, ఎందుకంటే సాయంత్రం మొదలుపెట్టిన బ్యాటరీ అయిపోయేది అప్పుడే. మ్యాక్స్17048 అని చిన్న ఫ్యూయల్ గేజ్ (బ్యాటరీ ఎంత శాతం మిగిలిందో చెప్పేది) మాడ్యూల్ బోర్డు ఐ2సీ పిన్నుల మీద పెట్టుకో, 15 శాతానికి వస్తే బజర్ మోగి, 7 శాతానికి బోర్డు తనంతట తనే షట్‌డౌన్ అయ్యేట్టు పైథాన్‌లో చిన్న స్క్రిప్ట్ రాసుకో. రీడింగ్ కొట్టిన ప్రతిసారీ ఫైల్ సేవ్ అయ్యేట్టు చూసుకో.

ముందు పై 4తోనే కేబుల్ మార్చి, మీటర్ పెట్టి ఒక రాత్రి నడుపు. తర్వాత జీరో 2 డబ్ల్యూతో ఇంకో రాత్రి. రెండింటి వాట్ అవర్లు, ఏ స్క్రీన్ తీసుకున్నావో ఇక్కడే రాయి, దాన్ని బట్టి రెండు సెల్స్ చాలా, ఎన్‌పీ-ఎఫ్ పెట్టుకోవాలా చెప్తా. సెల్స్, మాడ్యూల్స్ ఆ నంబర్ వచ్చాకే కొను.